క్వాంటమ్ అంటే అమౌంటేనా?

మర్రిపాలెం నుంచి ఒకాయన అడిగిన ప్రశ్న ఇది: “మా నాన్నగారు రైల్వేలో పనిచేసి రిటైరయ్యారు. వచ్చే నెల ఆయనకు 80 నిండుతాయి. పెన్షన్ కాగితంలో ‘అడిషనల్ క్వాంటమ్ ఆఫ్ పెన్షన్’ అని ఉంది. ఇంటర్ చదివే మా అబ్బాయి, క్వాంటమ్ అంటే ఫిజిక్స్ కదా, తాతయ్య పెన్షన్‌కి దానికీ ఏం సంబంధం అంటున్నాడు. పేపర్లో అమరావతి క్వాంటమ్ వ్యాలీ అని రాస్తారు. కోర్టు వార్తల్లో క్వాంటమ్ ఆఫ్ పనిష్‌మెంట్ అంటారు. అన్నీ ఒకటే మాటా? అమౌంట్ అనో క్వాంటిటీ అనో అంటే సరిపోదా? నేను ఆఫీసు లెటర్లలో ఈ మాట వాడొచ్చా?”

ఒకటే మాటండీ. మీ అబ్బాయికి సందేహం రావడం సహజమే కానీ, వాడు చదివే ఫిజిక్స్ కంటే మీ నాన్నగారి పెన్షన్ కాగితంలోని అర్థమే పాతది. ఫిజిక్స్‌వాళ్లు తీసుకున్నది 20వ శతాబ్దంలో. అంతకు సుమారు మూడు వందల ఏళ్ల ముందు నుంచే ఇంగ్లీషులో ఈ మాట ‘ఇంత మొత్తం’ అనే అర్థంలో ఉంది.

అయితే అమౌంట్ అంటే సరిపోదా అన్న ప్రశ్నకు అవును కాదు అని ఒక్క ముక్కలో చెప్పలేను. నేను విశాఖలోనే ఒక కేంద్ర ప్రభుత్వ కార్యాలయంలో, ఎస్టాబ్లిష్‌మెంట్ సెక్షన్‌లో 31 ఏళ్లు పనిచేశాను. చేరిన కొత్తలో ఒక క్రమశిక్షణ ఫైలు మీద నోట్ పెట్టాను. ఒక ఉద్యోగికి రెండు ఇంక్రిమెంట్లు ఆపాలని ప్రతిపాదన. నేను ‘అమౌంట్ ఆఫ్ పెనాల్టీ’ అని రాశాను. మా సూపరింటెండెంట్ గారు ఎర్ర ఇంకుతో అమౌంట్ కొట్టేసి క్వాంటమ్ అని రాసి, నన్ను పిలిచారు. “జరిమానా వేస్తున్నామా బాబూ, అమౌంట్ అనడానికి? ఇంక్రిమెంట్ ఆపుతున్నాం. తప్పు రుజువైంది, శిక్ష వెయ్యాలని తేలింది. ఇక మిగిలింది ఎంత వెయ్యాలన్నదే. ఆ ‘ఎంత’ పేరే క్వాంటమ్” అన్నారు.

ఆయన లాటిన్ చదువుకున్న మనిషి కాదు. కానీ ఆయన చెప్పింది అక్షరాలా లాటిన్ అర్థమే. ఆ భాషలో క్వాంటమ్ అంటే ‘ఎంత’. నామవాచకం కూడా కాదు, ప్రశ్న. ఆ ప్రశ్నను ఇంగ్లీషువాళ్లు ఎత్తుకొచ్చి నామవాచకంగా నిలబెట్టేశారు. మనం కూడా అలా చేస్తుంటాం. “నీ ఎంత ఎంతో చెప్పు, నా అంత ఎంతో నేను చెబుతా” అని బేరాల్లో అంటాం కదా, అలాగన్నమాట.

ఇక్కడ మన భాష మనకు చాలా సాయం చేస్తుంది. ఇంగ్లీషు గ్రామర్ పుస్తకాలు ఎందుకో ఈ సంగతి చెప్పవు. కొలిచేవాటికి ‘ఎంత’, లెక్కపెట్టేవాటికి ‘ఎన్ని’ అని తెలుగులో రెండు మాటలున్నాయి. పాలు ఎంత, గుడ్లు ఎన్ని. లాటిన్‌లోనూ సరిగ్గా ఇలాగే రెండున్నాయి. క్వాంటమ్ అంటే ఎంత, క్వాట్ అంటే ఎన్ని. ‘ఎంత’లోంచి క్వాంటిటీ, క్వాంటమ్ వచ్చాయి. ‘ఎన్ని’లోంచి కోటా వచ్చింది. రేషన్ డిపోలో ఈ నెల కోటా వచ్చిందా అని అడుగుతామే, అదే కోటా. భాగహారంలో వచ్చే కోషెంట్ కూడా అక్కడిదే, ఎన్నిసార్లు పోయింది అని.

అంతేకాదు. మనకు ‘ఎంత’కు జోడీగా ‘అంత’ ఉన్నట్టే వాళ్లకు క్వాంటమ్‌కు జోడీగా టాంటమ్ ఉంది. ఎంత చెట్టుకు అంత గాలి అనే మన సామెతను లాటిన్‌లోకి మారిస్తే ఈ రెండు మాటలూ మనం పెట్టే చోటే వచ్చి కూర్చుంటాయి. పాపం ఇంగ్లీషుకే ఈ వసతి లేదు. హౌ మచ్, హౌ మెనీ అని రెండేసి మాటలు అతికించి నడిపిస్తున్నారు.

క్వాలిటీ, క్వాంటిటీ అని మనం జంటగా వాడతాం కదా. జగదాంబ జంక్షన్ దగ్గర ఏ బిర్యానీ హోటల్లోంచి బయటికొచ్చినా “క్వాలిటీ బానే ఉంది గానీ క్వాంటిటీ తగ్గించేశార్రా” అనే మాట ఒక్కటైనా చెవిన పడుతుంది. వీటిలో మొదటిది ‘ఎలాంటిది’ అనే ప్రశ్నలోంచి, రెండోది ‘ఎంత’ అనే ప్రశ్నలోంచి పుట్టాయి. క్వాలిటీకి మూలమైన లాటిన్ మాటను గ్రీకు తత్వశాస్త్రం చెప్పడం కోసం రోమన్ రచయిత సిసిరో పుట్టించాడు. అచ్చంగా అనువదించుకుంటే ఎలాంటితనం, ఎంతతనం. హోటల్లో ఆ మాటలు వాడితే సర్వర్ మనల్ని అదోలా చూస్తాడనుకోండి.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. క్వాంటమ్ అనేది ఏ మొత్తానికి పడితే ఆ మొత్తానికి పేరు కాదు. ఇవ్వాలా వద్దా, ఉందా లేదా అన్నది ముందు తేలాలి. ఆ తర్వాత ఎంత అన్నది తేల్చవలసి ఉంటే, అలా తేల్చవలసిన మొత్తాన్ని క్వాంటమ్ అంటారు. ఆఫీసుల్లో, కోర్టుల్లో, బీమాలో, యూనియన్ చర్చల్లో ఈ మాట పదేపదే ఎందుకు వినబడుతుందంటే అక్కడ ప్రతి వ్యవహారమూ ఈ రెండు మెట్ల మీదే నడుస్తుంది కాబట్టి.

కోర్టు సంగతే చూడండి. “నిందితుణ్ణి దోషిగా తేల్చిన కోర్టు, శిక్ష రేపు ఖరారు” అని వార్త వస్తుంది. చాలామంది ఇదేదో జడ్జిగారు వాయిదా వేశారనుకుంటారు. అది చట్టం పెట్టిన పద్ధతి. సెషన్స్ కేసుల్లో నేరం రుజువైందని తేల్చాక, శిక్ష విషయంలో ముద్దాయి చెప్పుకునేది వినాలని 1973 నాటి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 235వ సెక్షన్ రెండో క్లాజు చెప్పింది. 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో అది 258వ సెక్షన్. ఇంట్లో వృద్ధులైన తల్లిదండ్రులున్నారు, ఇదే మొదటి తప్పు, వయసు చిన్నది, ఇలాంటివన్నీ అప్పుడు చెప్పుకుంటారు. చట్టంలో ఉన్నది ‘క్వశ్చన్ ఆఫ్ సెంటెన్స్’ అనే మాట. దాన్నే ప్లీడర్లు నోటి అలవాటుగా క్వాంటమ్ ఆఫ్ సెంటెన్స్ అంటారు. చట్టం ప్రశ్న అంది, ప్లీడర్లు ‘ఎంత’ అన్నారు. రెండూ ఒకటే.

దీన్ని తెలుగులో ‘శిక్షా పరిమాణం’ అని రాయడం ఒక అలవాటు. తప్పేం లేదు గానీ వినడానికి ఏదో రసాయనశాస్త్రంలా ఉంటుంది. పైగా కంపోజింగ్‌లో అది ‘పరిణామం’ అయిపోతుంటుంది. శిక్షా పరిణామంపై వాదనలు అని నేను కళ్లారా చదివాను. “శిక్ష ఎంత అన్నదానిపై వాదనలు” అంటే పోయేదానికి ఇంత తిప్పలు ఎందుకో నాకు అర్థం కాదు.

ఉద్యోగుల క్రమశిక్షణ కేసుల్లో ఇది ఇంకా బాగా కనబడుతుంది. తప్పు జరిగిందా లేదా అన్నది శాఖాపరమైన విచారణలో తేలుతుంది. క్వాంటమ్ ఆఫ్ పనిష్‌మెంట్ శాఖాధికారి చేతిలో ఉంటుంది. కోర్టుకు వెళితే, శిక్ష మరీ అంతరాత్మను కుదిపేసేంత దారుణంగా ఉంటే తప్ప అందులో వేలు పెట్టబోమని సుప్రీంకోర్టు 1995లో బి.సి. చతుర్వేది కేసులో చెప్పింది. అప్పటి నుంచి ప్రతి డిస్మిసల్ ఫైల్లోనూ ఈ తీర్పు ప్రస్తావన ఉండేది. మా సెక్షన్లో టైపిస్టుకు కూడా ఆ పేరా కంఠతా వచ్చేసింది.

బీమా దగ్గర ఈ మాట అర్థం తెలియకపోతే నిజంగానే నష్టపోతారు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖ మీద పడిన రోజు మీకూ గుర్తుండే ఉంటుంది. చెట్టన్నది నిలబడలేదు, రేకన్నది ఇంటి మీద మిగల్లేదు. గాజువాకలో నాకు తెలిసిన ఒకాయనకు చిన్న హార్డ్‌వేర్ షాపు ఉండేది. పైకప్పు ఎగిరిపోయి సరుకంతా తడిసి తుప్పుపట్టింది. బీమా ఉంది. కొన్నాళ్లకు కంపెనీ నుంచి ఇంగ్లీషులో ఉత్తరం వచ్చింది. అందులో క్వాంటమ్ గురించి డిస్ప్యూట్ ఉందని రాశారు. డిస్ప్యూట్ అన్న మాట చూడగానే ఆయన గుండె జారిపోయింది. క్లెయిమ్ కొట్టేశారనుకుని ఆ కాగితం బీరువాలో పడేసి, నాలుగు నెలలు ఎవరికీ చెప్పలేదు. ఏదో పనిమీద మా ఇంటికొచ్చి మాటల్లో చెబితే, కాగితం తెప్పించి చూశాను.

అది చాలా మంచి ఉత్తరం! లయబిలిటీ, అంటే చెల్లించే బాధ్యత, ఒప్పుకుంటున్నాం, మీరడిగిన మొత్తానికీ నష్టం అంచనా కట్టే మా సర్వేయర్ వేసిన మొత్తానికీ తేడా ఉంది అని దాని తాత్పర్యం. అంటే మొదటి మెట్టు ఆయన ఎక్కేసినట్టే. బిల్లులు, స్టాకు రిజిస్టరు, ఫొటోలు పట్టుకెళ్లి మాట్లాడాక, అడిగినంత రాలేదు గానీ సర్వేయర్ వేసినదానికంటే మెరుగ్గానే వచ్చింది. నాలుగు నెలల వడ్డీ, అంతకంటే ఎక్కువగా నాలుగు నెలల టెన్షన్, ఒక్క మాట వల్ల పోయాయి.

మన దేశంలో అగ్నిప్రమాద, విపత్తుల బీమా పాలసీలో 2023 దాకా ఒక ప్రసిద్ధమైన క్లాజు ఉండేది. లయబిలిటీ ఒప్పుకున్నాక చెల్లించవలసిన క్వాంటమ్ మీద తేడా వస్తే ఆ తేడాను ఆర్బిట్రేషన్‌కు, అంటే మధ్యవర్తి తీర్పుకు, పంపాలి అని. బాధ్యతే ఒప్పుకోకపోతే ఆ దారి ఉండేది కాదు, కోర్టుకు పోవాల్సిందే. 2013 అక్టోబరులో ఫైలిన్ తుపానుకు దెబ్బతిన్న ఒడిశా ఫ్యాక్టరీ ఒకటి ఈ క్లాజు పట్టుకుని ఆర్బిట్రేషన్ అడిగితే, వ్యవహారం సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. బీమా సంస్థ క్లెయిమ్‌ను పూర్తిగా తిరస్కరించింది కాబట్టి ఇది క్వాంటమ్ తగాదా కాదని, ఆర్బిట్రేషన్ కుదరదని 2018లో తీర్పు వచ్చింది. కోట్ల రూపాయల వ్యవహారం, ‘ఇవ్వాలా’ అన్న ప్రశ్నకూ ‘ఎంత’ అన్న ప్రశ్నకూ ఉన్న తేడా మీద నిలబడింది. అందుకే ఏ ఉత్తరంలోనైనా క్వాంటమ్ కనబడితే దానికి ముందు లయబిలిటీ గురించి ఏం రాశారో వెతుక్కోండి.

ఇంకో చోట కూడా ఈ మాట ఉంది. ప్లీడర్లు క్వాంటమ్ మెరుయిట్ అంటారు. ‘అతడు ఎంతకు అర్హుడో అంత’ అని అర్థం. మన పెద్దవాళ్లు చేసుకున్నవారికి చేసుకున్నంత అంటారే, అందులోని ‘నంత’ ఇదే. వాళ్లు కర్మ గురించి అన్నారు, వీళ్లు కూలి గురించి అంటున్నారు. మధురవాడలో ఇల్లు కట్టే మేస్త్రి, ఒప్పందంలో లేకపోయినా మీరు చూస్తుండగానే ప్రహరీ ఇంకో నలభై అడుగులు పొడిగించాడనుకోండి. ఊరికే చేసి పెడతానని అతను అనలేదు, వద్దని మీరూ అనలేదు, ఇప్పుడా గోడ మీరు వాడుకుంటున్నారు. రేటు మాట్లాడుకోలేదు కాబట్టి ఇవ్వనంటే కుదరదు. పనికి తగినంత ఇవ్వాలి. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 70వ సెక్షన్ సారం ఇదే.

బోనస్ దగ్గర చిన్న కిటుకు ఉంది. రైల్వే ఇంట్లో పెరిగారు కాబట్టి దసరా ముందు ‘78 రోజుల బోనస్’ అనే వార్త మీకు కొత్తేం కాదు. పక్కింటివాళ్లు 78 రోజులంటే రెండున్నర నెలల జీతం అనుకుని అసూయపడతారు. లెక్క నెలకు 7,000 రూపాయల పరిమితి మీద వేస్తారు కాబట్టి 78 రోజులకు చేతికి వచ్చేది గరిష్ఠంగా 17,951 రూపాయలు. రోజులు ఎన్ని అన్నది ప్రకటన, చేతికి ఎంత అన్నది క్వాంటమ్. యూనియన్ వాళ్లు గేటు మీటింగుల్లో బోనస్ క్వాంటమ్ పెంచాలి అంటే వాళ్ల మనసులో ఉన్నది ఈ రెండోదే. మిగతా కంపెనీల్లో చట్టప్రకారం 8.33 శాతానికి తగ్గకూడదు, 20 శాతం దాటకూడదు. ఈ రెండు గీతల మధ్య ఎక్కడ ఆగాలన్నదే యాజమాన్యానికీ యూనియన్‌కీ మధ్య ఏటా జరిగే తంతు.

ఇక అమౌంట్, క్వాంటిటీ అంటే సరిపోదా అన్నారు. ముందు ఒక సంగతి గమనించండి. తెలుగులోకి వచ్చాక అమౌంట్ అర్థం కుంచించుకుపోయింది. మనకు అమౌంట్ అంటే డబ్బు, అంతే. “అమౌంట్ పడిందా?”, “అమౌంట్ కొట్టాను, చూసుకో.” నీళ్ల అమౌంట్, ఓపిక అమౌంట్ అని ఎవరూ అనరు. ఇంగ్లీషులో మాత్రం నీళ్లకీ, ఓపికకీ, అల్లరికీ, దేనికైనా అమౌంట్ అంటారు. క్వాంటిటీ మన దగ్గర సరుకుకీ తిండికీ కుదురుకుంది. ఇంగ్లీషులోనూ అది దాదాపు అక్కడే ఉంది, తూచేవి, కొలిచేవి. మన పోర్టులో ఇనుప ఖనిజం ఎంత ఎగుమతయ్యిందో క్వాంటిటీతో చెబుతారు, దాని విలువ అమౌంట్‌తో చెబుతారు. దాని మీద ఎంత డెమరేజ్ (ఆలస్యానికి వేసే రుసుము) కట్టాలన్న వివాదం వస్తే అప్పుడు క్వాంటమ్ దిగుతుంది.

మనుషులకు వీటిలో ఏదీ వాడకండి. ‘అమౌంట్ ఆఫ్ పీపుల్’ అనేది ఇంగ్లీషు సొంత భాష అయినవాళ్లు కూడా చేసే తప్పు. లెక్కపెట్టేవాటికి నంబర్. మనం ‘ఎంత జనం’ అంటాం, ‘ఎంతమంది’ అంటాం, దాంతో మనకూ నోరు జారుతుంది. జనం అన్నప్పుడు వాళ్లొక ముద్ద, మంది అన్నప్పుడు ఒక్కొక్కరు. ఆర్కే బీచ్‌లో ఆదివారం సాయంత్రం ‘క్రౌడ్’కి సైజ్ అనండి, ‘పీపుల్’కి నంబర్ అనండి. గొడవుండదు.

పనిలో పనిగా అమౌంట్ పుట్టుక కూడా చెప్పేస్తాను, మన ఊరికి తగ్గట్టుంటుంది. పాత ఫ్రెంచిలో దాని అర్థం పైకి ఎక్కడం, కొండ వైపు వెళ్లడం. అందులో ఉన్న మౌంట్, మౌంటెన్‌లోని మౌంట్ ఒకటే. ఒక్కొక్కటే చేర్చుకుంటూ పైకి ఎక్కితే వచ్చేది అమౌంట్. సమ్ అనే మాటకైతే శిఖరం అని అర్థం. రోమన్లు కూడిక వేసి మొత్తాన్ని కింద కాకుండా పైన రాసేవారు కాబట్టి ఆ పేరు. సింహాచలం మెట్లు లెక్కపెట్టుకుంటూ ఎక్కినవాడికి అమౌంట్, సమ్ రెండూ కాళ్లకే అర్థమవుతాయి.

మీ లెటర్లలో వాడొచ్చా అంటే, మన దేశం దాటని ఆఫీసు కాగితంలో, తేల్చవలసిన మొత్తం గురించి అయితే నిక్షేపంగా వాడండి. నష్టపరిహారం, జరిమానా, శిక్ష, భత్యం, పెన్షన్, బోనస్ వీటికి ఆ మాట ఒప్పుతుంది. బియ్యానికి, సిమెంటుకి, పనికి, సమయానికి వద్దు. మన ఆఫీసుల్లో ‘క్వాంటమ్ ఆఫ్ వర్క్’ అని తెగ రాస్తారు. నేనూ రాశాను. దాని ఫలితం మా మేనల్లుడు అనుభవించాడు. వాడు అమెరికాలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. చేరిన కొత్తలో, ఈ వారం క్వాంటమ్ ఆఫ్ వర్క్ ఎక్కువగా ఉంది, ఇంకొకరిని ఇవ్వండి అని వాళ్ల మేనేజరుకు మెయిల్ పెట్టాడు. ఆవిడ వెంటనే ఫోన్ చేసి, మన టీమ్‌లో క్వాంటమ్ ప్రాజెక్టు ఎప్పుడు మొదలైంది, నాకెవరూ చెప్పలేదే అందట. “మామయ్యా, నీ దగ్గర నేర్చుకున్న ఇంగ్లీషే” అని ఇప్పటికీ దెప్పుతాడు. ఇంగ్లండులో, అమెరికాలో లాయర్లు తప్ప మామూలు జనం ఈ అర్థంలో ఆ మాట వాడటం అరుదు. మనం మాత్రం పాత దస్త్రాల ఇంగ్లీషును ఫైళ్లలో భద్రంగా దాచుకున్నాం. తప్పని కాదు, అవతలివాడికి అర్థం కావాలి కదా. పనికి వర్క్‌లోడ్ అనండి, చాలు.

ఇప్పుడు మీ అబ్బాయి ఫిజిక్స్. 1900 డిసెంబరు 14న బెర్లిన్‌లో మాక్స్ ప్లాంక్ ఒక విచిత్రమైన సంగతి చెప్పాడు. వేడెక్కిన వస్తువు వెదజల్లే శక్తిని నూనెలా ఎంత కావాలంటే అంత పోసుకున్నట్టు లెక్కవేస్తే లెక్క కుదరడం లేదు. గుడ్లలా విడివిడిగా ఉందనుకుంటే కుదురుతోంది. సగం గుడ్డు ఇమ్మంటే కొట్టువాడు ఇవ్వడు కదా, అలాగ. 1905లో ఐన్‌స్టీన్ కాంతి కూడా అలాంటి విడి మోతాదులుగానే ఉంటుందని చెప్పి వాటికి క్వాంటమ్ అనే మాట వాడాడు. బహువచనం క్వాంటా. జర్మన్‌లో కూడా అది అప్పటికి ‘ఇంత మొత్తం’ అని చెప్పే మామూలు మాటే. కాకపోతే ఫిజిక్స్ చేతిలో పడ్డాక ‘ఎంత’ కాస్తా ‘ఇంతే’ అయింది. ఇంతకు తక్కువ లేదు, మధ్యలో ఆగేది లేదు. తెలుగులో కొందరు దీనికి ‘గుళిక’ అని పేరు పెట్టారు. నాకు భలే నచ్చింది గానీ జనంలో నిలవలేదు.

ఆ మోతాదు ఎంత చిన్నదంటే, దాన్ని లెక్కగట్టడానికి వాడే ప్లాంక్ స్థిరాంకాన్ని జౌల్ సెకన్లలో రాయాలంటే దశాంశ బిందువు తర్వాత 33 సున్నాలు పెట్టి, ఆపైన 6626 అని మొదలుపెట్టాలి. దీన్ని బట్టి ‘క్వాంటమ్ లీప్’ అనే మాట ఎంత తమాషానో చూడండి. పరమాణువు లోపల జరిగే ఆ గెంతు కంటికి ఆనదు. మన నాయకులు ఏమో రాష్ట్రం క్వాంటమ్ లీప్ తీసుకుంటుంది అని పెద్ద అంగగా చెబుతారు. దానికో సమర్థన ఉంది. గెంతు చిన్నదే అయినా మెట్టు మెట్టుగా కాకుండా ఒక్కసారిగా జరుగుతుంది, ఆ ‘ఒక్కసారిగా’ అన్నదాన్ని జనం పట్టుకున్నారు. అమరావతి క్వాంటమ్ వ్యాలీలో ఉన్నది ఈ ఫిజిక్స్ క్వాంటమే, ఆ సూత్రాల మీద నడిచే కంప్యూటర్ల కోసం. కేంద్రం 2023 ఏప్రిల్‌లో జాతీయ క్వాంటమ్ మిషన్‌కు 6,003.65 కోట్ల రూపాయలు మంజూరు చేసింది. దాన్ని కూడా మా సూపరింటెండెంట్ గారైతే ‘క్వాంటమ్ ఆఫ్ అసిస్టెన్స్ ఫర్ క్వాంటమ్ మిషన్’ అని రాసేవారేమో!

చివరగా మీ నాన్నగారి కాగితం. ఆరో వేతన సంఘం తర్వాత 2008 సెప్టెంబరులో వచ్చిన ఉత్తర్వుల్లో, వయసు పైబడిన పెన్షనర్లకు క్వాంటమ్ ఆఫ్ పెన్షన్ ఈ విధంగా పెంచుతున్నాం అని రాశారు. ఆ వాక్యంలోంచే అడిషనల్ క్వాంటమ్ అనే పేరు ఊడిపడింది. పెన్షన్ ఇవ్వాలా అన్న ప్రశ్న ఎప్పుడో తేలింది, ఇప్పుడు ‘ఎంత’ అన్నది మారుతోంది, అంతే. కేంద్ర పౌర ఉద్యోగుల 2021 నాటి పెన్షన్ నిబంధనల్లో అడిషనల్ పెన్షన్ అని తేలిక చేశారు గానీ పెన్షనర్ల నోట్లో క్వాంటమే ఉండిపోయింది. “నాకు క్వాంటమ్ పడింది” అని మా వాకింగ్ గ్రూపులో పెద్దాయన ఒకరు స్వీట్లు పంచారు.

లెక్క ఇది. 80 నుంచి 85 లోపు బేసిక్ పెన్షన్ మీద 20 శాతం, 85 నుంచి 30, 90 నుంచి 40, 95 నుంచి 50, నూరేళ్లు నిండితే నూటికి నూరు శాతం. మీ నాన్నగారి బేసిక్ పెన్షన్ 30,000 అనుకుంటే 6,000 కలుస్తుంది, డీఆర్ (కరువు భృతి) మొత్తం 36,000 మీద లెక్కిస్తారు. 80 నిండిన తేదీ నుంచి కాదు, నిండే నెల ఒకటో తేదీ నుంచే వస్తుంది. 2024 అక్టోబరులో పెన్షన్ల శాఖ దీన్ని ఉదాహరణతో సహా చెప్పింది, 1942 ఆగస్టు 20న పుట్టినవారికి 2022 ఆగస్టు 1 నుంచి అని. కాబట్టి మీవాళ్లకు వచ్చే నెల మొత్తానికీ రావాలి. రాష్ట్ర ప్రభుత్వ పెన్షనర్లకు 70 నుంచే మొదలవుతుంది, వాళ్ల శాతాలు వేరు. మీ పక్కింటివాళ్ల లెక్కతో పోల్చుకుని కంగారుపడకండి.

పీపీవోలో, అంటే పెన్షన్ చెల్లింపు ఉత్తర్వులో, పుట్టిన తేదీ సరిగ్గా ఉంటే బ్యాంకు తనంతట తనే కలపాలి. ఒకసారి తీసి చూడండి. నాన్నగారిదే కాదు, అమ్మగారి పుట్టిన తేదీ కూడా అందులో ఎక్కిందో లేదో చూడండి. రేపు ఫ్యామిలీ పెన్షన్ అయ్యాక అడిషనల్ క్వాంటమ్ ఆవిడ వయసును బట్టి వస్తుంది, నాన్నగారి వయసును బట్టి కాదు. చాలా ఇళ్లలో ఆ గడి ఖాళీగా ఉంటుంది. ఆధార్ కాపీ జతచేసి ఇప్పుడే దరఖాస్తు ఇచ్చేయండి, అందులో క్వాంటమ్ అనే మాట వాడినా అభ్యంతరం లేదు.